నర్సవ్వ గోడకు ఇవతల

పోయిన ఆదివారం మా అమ్మాయి నవ్య బెంగళూరు నుంచి ఫోన్ చేసి సర్వపిండి ఎట్లా చేయాలో చెప్పమంది. తనతో పాటు గదిలో ఉండే అమ్మాయిలకు చేసి పెడతానని మాటిచ్చిందట. "నువ్వు చేసేదానివి గద మమ్మీ, మనం లాల్‌గడి మలక్‌పేట్‌ల ఉన్నప్పుడు. అంచులు కరకర, నడుమ మెత్తగ. నాక్కూడ గట్లనే రావాలె" అంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అబద్ధమాడి, రాసి పంపుతానని ఫోన్ పెట్టేశాను. పొంగడానికి ఇంట్లో పాలే లేవు. ఒక్కదాని కోసం రోజూ పాలు కాచుకునే ఓపిక నాకు పోయి చాలా కాలమైంది. అసలు సంగతి ఏమిటంటే, నేను ఈ జన్మలో సర్వపిండి చేయలేదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కారం కలిపి, గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి, అక్కడక్కడ చిల్లులు పెట్టి కాలుస్తారని తెలుసు. తెలుసు, అంతే. నవ్య తిన్న సర్వపిండి మా పక్కింట్లో ఉండే నర్సవ్వ చేసింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉన్న నాలుగేళ్లలో నేను కూడా బోలెడు చేశాను. పాస్తా చేశాను, కుక్కర్‌లో కేకు చేశాను, బీట్‌రూట్ పూరీలు, పాలకూర దోసెలు, సోయా కట్లెట్లు చేశాను. వాటిలో ఒక్కటైనా గుర్తుందా అని దాన్ని అడగాలనుకున్నాను. లేదంటుందేమోనని భయపడి అడగలేదు. ఆ భయం వారం రోజులుగా నాతోనే తిరుగుతోంది.

మా ఆయన గుండెపోటుతో పోయినప్పుడు నవ్యకు ఆరేళ్లు. ఊరికి వచ్చేయమని అత్తగారివాళ్లు అన్నారు. తుర్కపల్లిలో మందుల ల్యాబ్‌లో నా ఉద్యోగం అప్పటికి ఇంకా కొత్త, వదులుకోబుద్ధి కాలేదు. ల్యాబ్‌కు దగ్గరగా ఉంటుందని లాల్‌గడి మలక్‌పేట్‌లో రెండు గదుల వాటా చూసుకున్నాను. అది నర్సవ్వ కొడుకు కట్టించిన వాటా. దాని పక్కనే నర్సవ్వ ఉండే పాత పెంకుటిల్లు. రెంటికీ మధ్య నడుము ఎత్తు గోడ. గోడకు ఇవతల నా గ్యాస్ పొయ్యి, నా ప్లాస్టిక్ డబ్బాలు, పేర్లు రాసి అంటించిన చీటీలు. గోడకు అవతల బర్రె, గడ్డివాము, పది కోళ్లు, గింజలు ఒలిచిన మక్కబెండ్లతో మండే పొయ్యి. పొద్దున ఏడున్నరకు కంపెనీ బండి సందు మొదట్లో ఆగేది. ఎనిమిదింటికి బడి వ్యాను వచ్చేది. ఆ అరగంట నవ్యను చూసుకునేది నర్సవ్వే. సాయంత్రం నాలుగింటికి పిల్ల బడి నుంచి వస్తే, నేను ఏడింటికి వచ్చేదాకా చూసుకునేదీ ఆమే. చూసుకోమని నేను అడిగింది లేదు, ఆమె ఒప్పుకున్నదీ లేదు. మొదటి రోజు నేను వచ్చేసరికి నవ్య ఆమె గడపలో కూర్చుని కోళ్లకు నూకలు వేస్తోంది. ఆ తరువాత అదే అలవాటైపోయింది.

నర్సవ్వ వంట చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆమెకు కొలత లేదు, గంట లేదు. ఉప్పు గుప్పిట్లోంచి జారినంత. రొట్టె కాలిందో లేదో కళ్లతో చూడదు, మొహం పక్కకు తిప్పుకుని వాసన పట్టి తిప్పుతుంది. కోళ్లతో మాట్లాడుతూ, దారిన పోయేవాళ్లను పలకరిస్తూ, మధ్యలో లేచి బర్రెకు నీళ్లు పెట్టి వచ్చి చేసినా ఏదీ మాడేది కాదు. నేను ల్యాబ్ మనిషిని. అక్కడ మాకు నూరిపోసిన మాట ఒక్కటే, రాయని పని చేయని పనితో సమానం. ఏది ఎంత తూచావు, ఎన్నింటికి కలిపావు, ఏమైంది, అంతా అప్పటికప్పుడు రాయాలి. తప్పు రాస్తే రుద్దేయకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరం కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. పన్నెండు గంటలు ఆ పద్ధతిలో బతికి ఇంటికొచ్చిన మనిషి వంటింట్లో వేరేగా ఎట్లా ఉంటుంది? నేను వంటకు కూడా ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టాను. గళ్లు గీశాను. వంట పేరు, వేసినవి, వేసిన కొలత, పట్టిన సమయం, చివర్లో 'ఫలితం'. ఆ చివరి గడిలో నేను రాసేది ఒక్కటే, పాప తిన్నది, లేదా పాప తినలేదు. పిల్ల పళ్లెం పట్టుకుని గోడ దగ్గరికి పోయి తినేది, తిరిగి తెచ్చిన పళ్లెం చూసి రాసేదాన్ని.

కొత్త వంటలు నాకు బండిలో దొరికేవి. తుర్కపల్లికి పోయే ఆ బండిలో మేము ఆరుగురం ఆడవాళ్లం. టీవీలో చూసింది ఒకరు, పేపర్ ఆదివారం సంచికలోంచి కత్తిరించి తెచ్చింది ఒకరు. ల్యాబ్ చేరేలోపు కనీసం ఒక వంట చేతులు మారేది. మా అందరికీ అదొక పిచ్చి. పొద్దంతా పిల్లల మొహం చూడనివాళ్లం కదా, రాత్రి పళ్లెంలో ఏదో కొత్తది పెడితే ఆ బాకీ తీరుతుందని నమ్మకం. నేను అందరికంటే ఒక అడుగు ముందుండేదాన్ని. ఒక పూట ఉప్పు మార్చేదాన్ని, మరో పూట మంట మార్చేదాన్ని, ఒకేసారి రెండూ మార్చేదాన్ని కాదు. సాస్ సీసా, చీజ్ ముక్క, రంగు కాగితాలు, ఏదో ఒకటి సంచిలో లేకుండా బండి దిగింది తక్కువ. నన్ను చూసి నర్సవ్వ గోడ మీదుగా రోజూ అడిగేది, "బిడ్డా, గింత రొట్టె తిని పోరాదు." "తినొచ్చిన అవ్వా" అనేదాన్ని. తినేదాన్ని కాదు. ఆమె చేతి ముద్ద తింటే నేనేదో ఓడిపోయినట్టు అనిపించేది. ఎవరితో పోటీ అని అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

చేతిపనులూ అంతే. బడిలో పనికిరాని వస్తువులతో ఏదైనా చేసుకు రమ్మన్నారని నవ్య చెప్పిన రోజు నేను స్కేలు, బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. మందుల అట్టపెట్టెలతో ఇల్లు, కిటికీలు, కిటికీలకు పాత లంగా బట్టతో తెరలు. గోడలన్నీ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచాయి. నవ్య జిగురు పూస్తానంటే, చేతులు అంటుకుంటాయని పక్కన కూర్చోబెట్టాను. మరునాడు టీచరు ఆ ఇంటిని వెనక్కి పంపింది, పిల్లలే చేయాలని చీటీ రాసి. సాయంత్రం నేను వచ్చేసరికి నర్సవ్వ గడపలో పిల్ల మట్టితో బర్రెను చేస్తోంది, నాలుగు కాళ్లూ నాలుగు పొడవులు. అదే బడికి పోయింది. నేను చాలా నవ్వాను ఆ రోజు, నవ్వుతూనే ఆ అట్ట ఇంటిని మడిచి మంచం కిందకు తోశాను.

కాగితం బతుకమ్మ సంగతికి మాత్రం నవ్వు రాలేదు. ఆ ఏడు పండుగకు ల్యాబ్‌లో తనిఖీ ఉండి సెలవు దొరకలేదు. తంగేడు పూలు, గునుగు పూలు కోసుకు రావడానికి నాకు పగలన్నది లేదు. అందుకని మూడు సాయంత్రాలు కూర్చుని ముడతల కాగితంతో పూలు చుట్టాను. పసుపు వరుస, ఎరుపు వరుస, తెలుపు వరుస, పైన గౌరమ్మను పెట్టే చోటు. నిజంగా బాగా వచ్చింది, ఇప్పుడు తలుచుకున్నా బాగానే వచ్చిందనిపిస్తుంది. నవ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి "మస్తుంది మమ్మీ" అంది. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు నేను పరుగున ఇల్లు చేరేసరికి, పిల్ల పట్టు లంగా కట్టుకుని నర్సవ్వ పేర్చిన గునుగు పూల బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. పొద్దున్నే ఇద్దరూ చేలగట్ల వెంట తిరిగి పూలు తెచ్చారట. దాని మోచేతులకు ముళ్లు గీరుకున్న గీతలున్నాయి. మా కాగితం బతుకమ్మను కూడా తీసుకుపోదామని నేను చేతుల్లోకి తీసుకున్నాను. నర్సవ్వ నెమ్మదిగా అంది, "నీళ్లల్ల ఇడిస్తే రంగు దిగుతది బిడ్డా. సక్కగున్నది, ఇంట్లనే వెట్టుకో." ఆమె మాటలో ఏ వెటకారమూ లేదు. అందరూ చెరువు కట్ట మీద చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. మొగుడు పోయిన దాన్నని కొంత, ఖాళీ చేతుల దాన్నని కొంత. ఆ గుంపులో నవ్య ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

కార్తీకం దాటాక ఒక ఆదివారం, నూనె మరకలు తుడుద్దామని వంట నోటుబుక్కు తెరిచాను. 'పాప తిన్నది' అన్న నా రాత మీద ఒక గీత. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి, కింది అక్షరాలు కనపడేలా. పక్కన గుండ్రటి అక్షరాలతో, "తినలే. కోళ్లకు ఏసిన. నవ్య." పేజీ తిప్పాను. "సగం తిన్న. నవ్య." ఇంకో పేజీ. "తినలే. అవ్వ తాన తిన్న. నవ్య." పాస్తా కోళ్లకు పోయింది. కట్లెట్లు కోళ్లకు పోయాయి. నా చీజ్ దోసె తిన్న కోళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా ఉండి ఉండవు. ఇప్పుడు ఇట్లా రాయగలుగుతున్నాను గానీ ఆ రోజు ఆ గీతలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాను. నవ్యను పిలిచి, ఎందుకిట్ల రాసినవని అడిగాను. అది బెదరలేదు, దాని మొహంలో తప్పు చేసిన జాడే లేదు. "నువ్వే చెప్పినవ్ గద మమ్మీ, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సరిగ రాయాలె, పేరు వెట్టాలె అని" అంది. నిజమే, నేనే చెప్పాను. ఎప్పుడో హోంవర్క్ చేయిస్తూ గొప్పగా చెప్పాను.

పిల్ల నిజం రాసిందని అప్పుడు నాకు తట్టలేదు. ఆ గీతతో అది నన్నే కొట్టేసిందనిపించింది. గోడకు అవతల మనిషి చదువు లేకుండా, కొలత లేకుండా, అలవోకగా నా బిడ్డను తన బిడ్డను చేసుకుందనిపించింది. ఓర్వలేనితనం అన్న మాటను నేను ఆ రోజుల్లో ఒప్పుకునేదాన్ని కాదు. మంచి బడి అన్నాను, పై చదువులు అన్నాను, మేడ్చల్ వైపు నుంచి కూడా కంపెనీ బండి ఉందన్నాను. ఎండాకాలం సెలవులు రాగానే గుండ్లపోచంపల్లిలో ఈ ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. సామాను ఎక్కించిన రోజు నర్సవ్వ గోడ అవతలే నిలబడింది. నవ్య ఏడవలేదు. వెళ్లి కోళ్లన్నింటినీ పేరుపేరునా పలకరించి వచ్చి బండి ఎక్కింది. "పండుగకు తోలియ్యి బిడ్డా" అంది నర్సవ్వ. తోలిస్తానన్నాను. తోలియ్యలేదు. మొదటి ఏడు పరీక్షలని, రెండో ఏడు వానలని. ఆ తరువాత నవ్య అడగడం మానేసింది.

ఫ్లాటులో నేను గెలిచాను. పక్కన గోడ లేదు, నర్సవ్వ లేదు, కోళ్లు లేవు. బడి నుంచి వచ్చాక నవ్య కింది అంతస్తులో ట్యూషన్‌కు పోయేది, నేను వచ్చాక పైకి వచ్చేది. నేను ఏది పెడితే అది తినేది, పళ్లెం కడిగి బోర్లించేది. నోటుబుక్కులో వరుసగా పాప తిన్నది, పాప తిన్నది అని రాసుకుంటూ పోయాను. ఏ గీతా పడలేదు. కొన్ని వారాలకు నాకు విసుగొచ్చింది. తినదేమోనన్న భయం పోయాక కొత్తది చేయాలన్న తహతహ కూడా పోయింది. పప్పు, చారు, గుడ్డు కూరతో ఆ పిల్ల ఇంటర్ దాకా వచ్చేసింది. మేము ఎన్నడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నా బాగుండేది. ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, చెరొక పళ్లెంలోకి చూసుకుంటూ తిన్న ఆ ఏళ్లన్నీ కలిపితే, చెప్పుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం కూడా దొరకదు.

నిన్న పొద్దున లాల్‌గడి మలక్‌పేట్ పోయాను. వంట నేర్చుకోవడానికే అని నాకు నేను చెప్పుకున్నాను. కావాలంటే ఫోన్‌లో సర్వపిండి చేసి చూపించేవాళ్లు వందమంది ఉన్నారు. చేసుకునే ఓపిక లేకపోతే ఇంటి ముందుకు తెచ్చిచ్చేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు ఒక్క వంట కోసం ఆరుగురు ఆడవాళ్లం ఒకరి చెవి దగ్గర ఒకరం తల పెట్టి రాసుకున్నాం, బండి కుదుపులకు అక్షరాలు గంతులు వేసేవి. నేను పూలు కోయని ఆ చేలగట్ల మీద ఇప్పుడు తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేశారు. పెంకుటిల్లు లేదు, మా వాటా లేదు, వాటి చోట రెండంతస్తుల ఇల్లు. కింద ముందరి గదిలో నర్సవ్వ మంచం. కళ్లు సరిగా ఆనడం లేదట. నేను "అవ్వా" అనగానే తల ఎత్తి, "నవ్య వాళ్లమ్మవా" అంది. వచ్చిన పని చెప్తే చాలాసేపు నవ్వింది. "గదేమన్న పెద్ద సదువా బిడ్డా" అని, కోడలితో పిండి తెప్పించి, మంచం పక్కన పీట మీద కూర్చుని తనే కలపడం మొదలుపెట్టింది. నేను అలవాటుగా పెన్ను తీశాను. నీళ్లు ఎన్ని అని అడిగితే, "పిండి అడిగినన్ని" అంది. ఏమీ రాయకుండా పెన్ను సంచిలో పెట్టేశాను.

కోడలు గిన్నెను లోపలికి తీసుకుపోయి పొయ్యి మీద పెట్టింది. ఆమె అటు పోయాక నేను అన్నాను, "అవ్వా, అప్పుడు మేము ఇల్లు మారింది బడి కోసం గాదు. పిల్ల నీ దగ్గరనే తింటాందని ఓర్వలేక తీస్కపోయిన." నర్సవ్వ చేతికంటిన పిండిని రుద్దుకుంటూ, "నాకెర్కనే" అంది. "తల్లివి. నేనైన గట్లనే జేద్దును." మళ్లీ తనే అంది, "అయిన గా పొల్ల నా తాన కడుపునిండ ఎన్నడు తిన్నది? సగమే తినేది."

"సగమా?"

"ఏది వెట్టినా సగం తుంపి డబ్బల వెట్టుకునేది. రొట్టైనా గంతే, సర్వపిండైనా గంతే. మా మమ్మీ ఆకలితోని వస్తది, మమ్మీకి అని. గా డబ్బ ఒళ్లె వెట్టుకొని గోడ మీద కూసునేది నీ బండి కోసం."

"నాకెన్నడూ ఇయ్యలేదవ్వా."

"ఎట్లిస్తది? నువ్వు బండి దిగుడుతోనే, ఇయ్యాల నీకు కొత్తది జేస్త అనుకుంట సంచి వట్టుకొని లోపటికి ఉరుకుదువు. ఇది తిను అంటే మమ్మీ మొకం సిన్నగైతదేమో అవ్వా అన్నది ఒకనాడు. తెల్లారి గా డబ్బ తెచ్చి నాకే ఇచ్చేది. గట్టిపడ్డది నేనే సల్లల నానేసుకొని తింటి."

లోపల సర్వపిండి కాలుతున్న వాసన వస్తోంది. నర్సవ్వ మొహం పక్కకు తిప్పి, దించమని కోడలికి చెప్పింది. నేను గోడ మీద ఒళ్లో డబ్బాతో కూర్చున్న నవ్యను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కూర్చున్నది గుర్తుంది, రోజూ కూర్చునేది. ఒళ్లో ఏముందో నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజుల్లో నేను పన్నెండున్నరకు క్యాంటీన్‌లో తిన్న అన్నమే అన్నం. ఏడింటికి బండి దిగి, కొలిచి, తూచి, చేసి, రాసి, పిల్లకు పెట్టి, అది తిన్నాక మిగిలింది తినేదాన్ని. అప్పటికి నా కళ్లు తిరుగుతుండేవి, పని ఎక్కువై అనుకునేదాన్ని. నాకు ఆకలవుతుందని ఆ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషికి ఎనిమిదేళ్లు.